మిరియం ముట్టని ముద్ద

అనగనగా, పిల్లలూ, మీ తాతల తాతలకు కూడా గుర్తులేనంత వెనక, తుమ్మెదపురమనే రాజ్యంలో చిత్రధ్వజుడనే రాజు ఉండేవాడు. అన్ని రాజ్యాల్లోనూ రాజు తిన్నాక మిగిలింది కుక్క తింటుంది. తుమ్మెదపురంలో మాత్రం కుక్క తిన్నాకే రాజు తినేవాడు. నవ్వకండి, దానికో కారణముంది.

రాజుగారి ముత్తాతకు ఎవరో పాయసంలో విషం కలిపి పెట్టారు. ఆయన పోయాక కొడుకు ఒక కట్టడి చేశాడు. రాజు విస్తట్లో వడ్డించిన ప్రతి పదార్థం నుంచీ చిటికెడు చొప్పున తీసి, ఉసిరికాయంత ముద్ద చేసి, వెండి గిన్నెలో కుక్క ముందు పెట్టాలి. కుక్క వాసన చూసి తింటే రాజు చెయ్యి కడుక్కుంటాడు. కుక్క ముఖం తిప్పుకుంటే ఆ వంటంతా గొయ్యి తీసి పాతిపెడతారు. దాన్ని తొలిముద్ద అనేవాళ్ళు. కుక్కకు ఉల్లిపాయ పడదు కనుక రాజుగారి వంటింట్లో ఉల్లిపాయే ఉండేది కాదు. ఇంత రాజ్యం ఏలుతూ ఉల్లిపాయ పులుసుకు మొహం వాచిపోయిన రాజు లోకంలో ఆయనొక్కడే.

ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడికి గుర్రాలు అప్పగించాడు. రెండోవాడికి ఏనుగులు అప్పగించాడు. మూడోవాడు నీలకేతుడికి మిగిలింది ఒక్క కుక్క. పుట్టినప్పుడు గుండ్రంగా, నల్లగా ఉందని దానికి మిరియం అని పేరు పెట్టారు.

నీలకేతుడికి అనుమానం జాస్తి. పాలు తాగేముందు రెండుసార్లు వాసన చూసేవాడు. పీట మీద కూర్చునే ముందు తట్టి చూసేవాడు. ఎవరైనా బాగున్నావా అని పలకరిస్తే, ఎందుకడిగాడబ్బా అని ఆ పూటంతా ఆలోచించేవాడు. అన్నలిద్దరూ పొద్దస్తమానం అతన్ని ఆటపట్టించేవాళ్ళు. కానీ ఆ గుణం అతనికి పుట్టుకతో రాలేదు. మిరియంతో వచ్చింది.

కుక్క తల ఓ పక్కకు వంచి విదిలిస్తే చెవిలో ఏదో ఉందని అనుమానించాలి. పాదం అదేపనిగా నాకుతుంటే వేళ్ళ మధ్య ముల్లుందని అనుమానించాలి. మెత్తటిది తిని గట్టిది వదిలేస్తే పన్ను నొప్పేమోనని చూడాలి. బొచ్చులో మెరుపు తగ్గితే తిండిలో ఏదో లోటుంది. నోరు లేని జీవం తన బాధ ఎవరికి చెప్పుకుంటుంది? పక్కనున్నవాడికి అనుమానం రాకపోతే దానికి దిక్కెవరు? అలా చూసి చూసి నీలకేతుడికి మనుషుల మీద కూడా అదే చూపు అలవాటైంది.

రోజూ పొద్దున్నే కోట గోడ మీద కూర్చుని చెక్క దువ్వెనతో మిరియాన్ని దువ్వేవాడు. కొత్త బొచ్చు వచ్చే రోజుల్లో పాతది గుప్పిళ్ళ కొద్దీ రాలేది. దాన్ని గోడ మీంచి గాలికి వదిలేస్తే పక్షులు గూళ్ళలో పరుచుకోవడానికి ఎత్తుకుపోయేవి. ఉప్పు వెయ్యకుండా ఉడికించిన మాంసం, ఇంత అన్నం, నాలుగు గుమ్మడి ముక్కలు కలిపి తనే స్వయంగా పెట్టేవాడు. దాసీలు ముద్దుకొద్దీ లడ్డూలు తినిపించబోతే కసురుకునేవాడు.

కాలం ఆగుతుందా? మిరియానికి పదమూడేళ్ళొచ్చాయి. మూతి తెల్లబడింది. కళ్ళకు పొర కమ్మింది. లేచేటప్పుడు ముందు కాళ్ళు ఆనించి, ఒక్క క్షణం ఆగి, వెనక భాగం ఈడ్చుకుంటూ లేచేది. నీలకేతుడు పరుపు మందం చేశాడు, తిండిని రెండు పూటలకు బదులు కొంచెం కొంచెంగా నాలుగు పూటలు చేశాడు, గోరువెచ్చని నువ్వుల నూనెతో నడుము రుద్దేవాడు. ముక్కు మాత్రం దానిది ఎప్పటిలాగే ఉంది. అయినా రాజుకు బెంగ పట్టుకుంది. కళ్ళు పోయిన కుక్కకు ముక్కు పోవడం ఎంతసేపని ఆయన లెక్క.

సరిగ్గా అప్పుడు కొలువుకు ఒక వైద్యుడొచ్చాడు. నున్నటి ముఖం, ఎర్రటి శాలువా. తన పేరు చిరాయువు అన్నాడు. ముసలి కుక్కను పడుచు చేస్తానన్నాడు. ప్రతిఫలం ఏమీ వద్దన్నాడు. సభంతా ఆహా అంది. నీలకేతుడికి మాత్రం ఏమీ వద్దన్న మాట దగ్గరే మొదటి అనుమానం వచ్చింది.

వైద్యుడు మిరియం దగ్గరకు వచ్చి తటాలున నెత్తిమీద చెయ్యి వేశాడు. కుక్కల సంగతి తెలిసినవాడెవడూ అలా చెయ్యడు, ముందు చెయ్యి వాసన చూడనిస్తాడు. అది రెండో అనుమానం. తర్వాత దీని వయసెంత అని అడిగాడు. నీలకేతుడు పదమూడేళ్ళన్నాడు. వైద్యుడి ముఖం వెలిగిపోయింది.

"పదమూడేనా? ఇంకా పసిదేనన్నమాట" అన్నాడు.

కుక్కకు పదమూడేళ్ళంటే మనిషికి మునిమనవలు పుట్టే వయసు. ఆ సంగతి గొల్లపిల్లలకు కూడా తెలుసు. కుక్కల వైద్యుడికి తెలియకపోవడమేమిటి? అది మూడో అనుమానం. నీలకేతుడు నోరు తెరిచేలోపే రాజు సరేనన్నాడు, వైద్యుడు మిరియాన్ని తెర వెనక్కి తీసుకుపోయాడు. కాసేపు పొగ వచ్చింది. తెర తొలగించేసరికి నిగనిగలాడే పడుచు కుక్క ఒకటి గెంతుతూ బయటికొచ్చింది. రాజు కళ్ళనీళ్ళు పెట్టుకుని వైద్యుణ్ణి కౌగిలించుకున్నాడు, భోజనశాలలో తన పక్కనే పీట వేయించాడు.

నీలకేతుడు మర్నాడు కొత్త కుక్కను దువ్వాడు. దువ్వెనకు ఒక్క వెంట్రుక రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నెల గడిచినా దాని గోళ్ళు బియ్యపుగింజంత పెరగలేదు. గిన్నెలో ఏది పెడితే అది వాసనైనా చూడకుండా మింగేది. వంటవాడు భయపడుతూ ఒకరోజు ఉల్లిపాయ వేస్తే అదీ మింగి మూతి నాక్కుంది. ఇక రాజుగారి ఆనందం చెప్పనలవి కాదు. రోజూ ఉల్లిపాయ పులుసే.

అంతేకాదు. నీలకేతుడు వైద్యుణ్ణి కూడా కనిపెట్టి చూశాడు. పీట మీంచి లేవాలంటే చేతులు ముందు నేలకానించి, ఒక్క క్షణం ఆగి, నడుము ఈడ్చుకుంటూ లేస్తున్నాడు. మాటిమాటికీ ఎడమ చెవి కింద గోక్కుంటున్నాడు. వచ్చినప్పుడు వాడికి ఆ జబ్బు లేదు. ఆ లేవడం నీలకేతుడు వెయ్యిసార్లు చూశాడు. అది మిరియం లేచే తీరు.

ఒక మధ్యాహ్నం కొత్త కుక్క తొలిముద్ద మింగగానే నీలకేతుడు లేచి తండ్రి విస్తరి తోసేశాడు. ఈ కుక్క ఏది పెట్టినా తింటుంది, దీన్ని నమ్మి తింటే మీ ముత్తాతకు పట్టిన గతే పడుతుంది, తినకండని బతిమాలాడు. పులుసు నేలపాలైనందుకు రాజుకు ఒళ్ళు మండింది.

"కుక్క ముసలిదైతే నీకు ఏడుపు, పడుచుదైతే అనుమానం. పున్నమి విందుకు రాజ్యంలో పెద్దలందరూ వస్తారు. ఆలోగా రుజువు తీసుకురా, లేదా మళ్ళీ నా కంట పడకు" అన్నాడు.

నీలకేతుడు వెళ్ళి మిరియం పాత పరుపు మీద కూలబడ్డాడు. ఇప్పుడు అతనికి ఒకటే బెంగ. పున్నమినాడు తండ్రి, అన్నలు ఒకే పంక్తిలో కూర్చుంటారు, ఆ బొమ్మలాంటి కుక్క తింటుంది, వాళ్ళూ తింటారు. తన మిరియం ఏమైందో దేవుడికే తెలియాలి. అలా తల పట్టుకుని ఉండగా పరుపు అంచున సన్నగా ఎవరో మూలిగారు. చూస్తే గోమారి, కుక్కల నెత్తురు తాగి బతికే పురుగు. బక్కచిక్కి, ఆవగింజంతైనా లేదు.

నీలకేతుడి చెయ్యి అలవాటు కొద్దీ దాన్ని నలపబోయింది.

"ఆగు రాజకుమారా" అంది గోమారి. "నీకూ నాకూ పడదని తెలుసు. కానీ నేను ఆ కొత్త కుక్కను కరిచాను. ఇత్తడి బిందెను కరిచినట్టుంది. పళ్ళు పోయాయి."

నీలకేతుడు నమ్మలేదు. గోమారి మాట ఎవరు నమ్ముతారు? అయినా విన్నాడు. పొగ వచ్చిన ఆ కాసేపట్లోనే తెర వెనక వైద్యుడు మాయతో మిరియాన్ని సంచిలో వేసుకుని ఆకాశాన ఎగిరినప్పుడు గోమారి దాని చెవి వెనకే ఉందట. ఏడు సముద్రాల అవతల ఉప్పుదిబ్బ అనే దీవిలో దాన్ని దించి, ఏవో మంత్రాలు చదివి, ఒక అమ్మాయిని కాపలా పెట్టాడట. అక్కడ గోమారి జారి వాడి శాలువాలో పడి తిరిగొచ్చిందట. దారి చెబుతాను, బదులుగా మిరియం చెవి వెనక ఒక్క పూట భోజనం పెట్టించమంది. నీలకేతుడు ముందు ససేమిరా అన్నాడు, తర్వాత ఒక్క పూటేనని ఒట్టు వేయించుకుని, దాన్ని దూదిలో చుట్టి రొంటిన దోపుకున్నాడు.

దారి తెలిసింది, దాటేదెలా? కోట గోడ ఎక్కి చూస్తుంటే పెద్ద నీడ పడింది. గండభేరుండ పక్షి వచ్చి బురుజు మీద వాలింది. ఏటా గూట్లో పరుచుకునే మెత్తటి నల్లబొచ్చు ఈసారి రాలేదేమని కోపంగా అడిగింది. దానికి గుడ్లు పెట్టే వేళట, గూడు గరుగ్గా ఉందట. ఆ బొచ్చు రాల్చే కుక్క సముద్రాల అవతల ఉందని నీలకేతుడు చెప్పాడు. పక్షి వెంటనే వీపు వంచింది. అంత తేలిగ్గా ఒప్పుకుందేమిటని నీలకేతుడికి మళ్ళీ అనుమానం. ఎక్కి కూర్చున్నాక కూడా మూడు సముద్రాల దాకా దాని మెడ వదల్లేదు. నాలుగో సముద్రం మీద కునుకు పట్టింది. ఏడోది దాటగానే తెల్లగా మెరుస్తూ ఉప్పుదిబ్బ కనిపించింది.

దీవి మధ్యలో ఒక మంటపం. అందులో పట్టుపరుపు మీద మిరియం పడుకుని ఉంది. చూసి నీలకేతుడి గుండె తరుక్కుపోయింది. బొచ్చు ఉండలు కట్టింది. ఉప్పునేలకు పాదాలు పగిలాయి. పొట్ట ఉబ్బింది, ఎడమ చెవి కింద పుండు పడింది. పక్కనే నేతిలో తేలే హల్వా, ద్రాక్షపళ్ళు పళ్ళేల నిండా ఉన్నాయి. అడుగు ముందుకు వెయ్యబోతే ఒక అమ్మాయి కత్తి పట్టుకుని అడ్డొచ్చింది.

ఎవరు మీరని ఆమె అడిగింది. మీరెవరని అతనడిగాడు. ముందు మీరు చెప్పండంది. మీరే చెప్పండన్నాడు. ఇద్దరూ ఇద్దరే. చివరికి ఆ అమ్మాయి పక్కకు జరిగి, కుక్క చెప్పనీ అంది. కళ్ళు కనబడని మిరియం ముక్కు పైకెత్తి గాలి పీల్చింది. తోక పరుపు మీద టప్ టప్ మని కొట్టుకుంది. ముందు కాళ్ళు ఆనించి, ఒక్క క్షణం ఆగి, లేచి, నీలకేతుడి మోకాళ్ళకు తల ఆనించింది. అతను గట్టిగా ఏడ్చేశాడు.

ఆ అమ్మాయి పేరు తారావళి. పగడాల రేవు రాజు కూతురు. వైద్యుడి వేషం వేసిన ఆ మాయలమారి ఎత్తుకొచ్చి ఇక్కడ పడేశాడు. అసలు రహస్యం ఆమె చెప్పింది.

"వాడి ప్రాణం ఈ కుక్కలో ఉంది. ఇదివరకు చిలకలో దాచేవాడట. చిలక అనేసరికి రాజకుమారులందరూ పీక నులమడానికి బయల్దేరుతున్నారని, ఇలా మార్చాడు. ప్రాణంగా పెంచుకున్న కుక్కను ఎవరు చంపుతారని వాడి ధీమా. పైగా తొలిముద్ద తినే కుక్కను తప్పిస్తే మీ రాజుకు విషం పెట్టి రాజ్యం కాజెయ్యొచ్చని వాడి ఎత్తు. దీన్ని దువ్వితే వాడి ప్రాణానికి ఎక్కడ దెబ్బ తగులుతుందోనని ముట్టుకోనివ్వడు. బలమని హల్వా పెట్టమంటాడు. నేను వాడు చూడనప్పుడు మజ్జిగన్నం పెట్టేదాన్ని."

"కత్తి ఉంది కదా, చంపి పారిపోవాలని అనిపించలేదా?" అని అడిగాడు నీలకేతుడు.

"చాలాసార్లు అనిపించింది. చెయ్యి రాలేదు" అంది తారావళి.

నీలకేతుడు ఆమె ముఖంలోకి చూశాడు. వెతికి వెతికి చూశాడు. జీవితంలో మొదటిసారి ఎవరి మీదా అనుమానం కలగలేదు.

అతని బాధ మాత్రం పెద్దదైంది. మాయలమారి చావాలంటే మిరియం చావాలి. మిరియం బతికితే తండ్రికి ముప్పు. ఆ ముసలి కుక్కను ఒళ్ళో పెట్టుకుని, ఉండలు విడదీస్తూ, పుండు కడుగుతూ తిరుగు ప్రయాణమంతా ఆలోచించాడు. దువ్విన బొచ్చంతా గండభేరుండం గూటికని మూటకట్టాడు. ఎంత ఆలోచించినా దాని మెడ మీద చెయ్యి వెయ్యడం తన వల్ల కాదని మాత్రం తేలింది.

వాళ్ళు కోటలో దిగేసరికి పున్నమి విందుకు విస్తళ్ళు వేశారు. బంగారు గిన్నెల్లో పాయసం వడ్డించారు. కొత్త కుక్క తొలిముద్ద మింగేసింది. రాజు చెయ్యి కడుక్కుని పాయసం గిన్నె అందుకున్నాడు. అప్పుడు నీలకేతుడు మిరియాన్ని రెండు చేతులా ఎత్తుకుని లోపలికొచ్చి, దాన్ని తండ్రి విస్తరి ముందు దించాడు. మిరియం పాయసం గిన్నె వైపు మూతి చాచింది. ఒకసారి పీల్చింది. ముఖం తిప్పుకుంది.

సభలో గుసగుసలు లేచాయి. వైద్యుడు నవ్వుతూ, ఇదేదో ముసలి ఊరకుక్క, దీనికి పాయసం రుచేం తెలుస్తుందన్నాడు. నవ్వాడే గానీ వాడి ముఖం పాలిపోయింది. నీలకేతుడు వాడి వైపు తిరిగి తల ఊపాడు.

"నాకూ అదే అనుమానం. రాజ్యమంతా ఆ పడుచుదే నా మిరియం అంటోంది. అలాంటప్పుడు ఇది ఊరకుక్కే అయ్యుండాలి. పాయసం మంచిదో కాదో ఒక ముద్ద దీని నోట్లో పెట్టి చూద్దాం. పోతే ఊరకుక్కే కదా పోయేది."

ఇలా అని పాయసంలో ముంచిన ముద్ద తీసి, మిరియం దవడలు విప్పి, నోటి దగ్గరకు తీసుకుపోయాడు. మిరియం కదల్లేదు. అతను ఏది పెట్టినా తినడం దానికి అలవాటు. నోరు తెరిచి ఎదురుచూసింది. నీలకేతుడి చెయ్యి వణికింది. ఇంకొక్క క్షణం గడిస్తే ఆ ముద్ద తనే మింగేసేవాడు గానీ దాని నోట్లో పెట్టేవాడు కాదు. ఆ వణుకు తారావళికి కనిపించింది, రాజుకూ కనిపించింది. కానీ లోకమంతటినీ మోసం చేసిన ఆ మాయలమారికి ఆ ఒక్క చోట అనుమానం రాలేదు.

"వద్దు. అందులో విషముంది" అని పీట మీంచి కింద పడిపోయాడు.

ఇంకేముంది? రాజు చేతిలోంచి పాయసం గిన్నె జారింది. పెద్దన్న కత్తి దూశాడు, రెండో అన్న కత్తి వెతుక్కున్నాడు. మాయలమారి అదిరిపోయి తన మాయ తనే విప్పాడు. నిగనిగలాడే పడుచు కుక్క చిల్లుపడిన ఇత్తడి బిందెగా మారి నేల మీద దొర్లింది. అందులోంచి ఇన్నాళ్ళ ఉల్లిపాయ పులుసూ, ఆనాటి పాయసమూ ఒలికిపోయాయి. ఆ కంపుకు విందుకొచ్చిన పెద్దలు సగం మంది లేచిపోయారు.

వాణ్ణి చంపమన్నారందరూ. ఎలా చంపుతారు? వాడి ప్రాణం మిరియంలో ఉందాయె. నీలకేతుడు వేరే శిక్ష వేశాడు. ఇక మీదట మిరియానికి సేవ అంతా వాడే చెయ్యాలి. మాంసం ఉడికించాలి, ఉప్పు వెయ్యకూడదు. దువ్వాలి, గోళ్ళు తియ్యాలి, నడుము రుద్దాలి. దానికి పెట్టే ప్రతి ముద్దలోనూ మొదటి మెతుకు వాడే తినాలి. రాజుగారి విస్తట్లో తొలిముద్ద కూడా వాడిదే. కుక్కకు ఆ పని తప్పింది కనుక రాజుగారికి ఉల్లిపాయ పులుసు ఖాయమైంది. వయసు సంగతి మాత్రం ఎవరో వాడి చెవిన వేశారు. కుక్కకు పదమూడేళ్ళంటే ఎంతో తెలిశాక వాడు వారం రోజులు అన్నం సరిగా తినలేదు. ఆ తర్వాత మిరియాన్ని చూసుకున్నట్టు తల్లి కూడా బిడ్డను చూసుకోదు. నీలకేతుడు నమ్మకుండా పక్కనే కూర్చుని చూసేవాడు. గోమారికి మాత్రం ఇచ్చిన మాట ప్రకారం ఒక పూట భోజనం పెట్టించి, మర్నాడు ఊరి పొలిమేర దాటించాడు.

పగడాల రేవు నుంచి తారావళి తల్లిదండ్రులు వచ్చారు. పెళ్ళి ఘనంగా జరిగింది. నోరు లేనివాళ్ళ బాధ కనిపెట్టేవాడే ఏలాలని చిత్రధ్వజుడు సింహాసనం మూడోవాడికే ఇచ్చాడు. అన్నలు నాలుగు రోజులు అలిగి, ఎలాగూ వీడు మనల్ని అనుమానిస్తూనే ఉంటాడు కదా అని సర్దుకుపోయారు.

మిరియం ఇంకా రెండేళ్ళు బతికింది. ఒక చలికాలం పొద్దున మాయలమారి గోరువెచ్చని జావ చేసి, మొదటి మెతుకు తను తిని, గిన్నె ముందు పెట్టాడు. మిరియం వాసన చూసింది. ముఖం తిప్పుకుంది. మాయలమారి బెదిరి ఇంకో మెతుకు తిని చూపించాడు. అది మళ్ళీ తిప్పుకుంది. నీలకేతుడు ఆ గిన్నె ఎత్తి వాసన చూడలేదు, ఎవర్నీ అనుమానించలేదు. ఆ జావలో ఏ దోషమూ లేదని అతనికి తెలుసు. పక్కన కూర్చుని దాని తల ఒళ్ళో పెట్టుకున్నాడు, ఎడమ చెవి కింద మెల్లగా దువ్వుతూ ఉన్నాడు. మాయలమారి కూడా ఆ పరుపు చివరే పడుకున్నాడు. ఎండ కోట గోడ ఎక్కేసరికి ఇద్దరూ వెళ్ళిపోయారు.

దువ్వెనకు మిగిలిన తెల్లబొచ్చును తారావళి గోడ మీంచి గాలికి వదిలింది. గండభేరుండం వచ్చి ఒక్క పోగు కూడా కింద పడనివ్వకుండా అందుకుపోయింది. నీలకేతుడూ తారావళీ ఆ తర్వాత చాలాకాలం చల్లగా రాజ్యమేలారు. వాళ్ళ ఏలుబడిలో ఎవరి పెరట్లోనైనా కుక్క చెవి విదిలిస్తే, ఆ ఇంటివాళ్ళు చేతిలో పని వదిలేసి దీపం పట్టుకుని చెవిలోకి చూసేవాళ్ళు. కథ అయింది. వెళ్ళి మీ కుక్కకు నీళ్ళున్నాయో లేవో చూసి రండి.